సబ్‌స్టిట్యూషన్ కాగితం ఎవరి పేరు మీద పడుతోంది?

(తిరుపతిలో హైస్కూలు హెడ్‌మాస్టర్లు, టీచర్లు కలిసిన ఒక సమావేశంలో రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఒకరు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా, మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు నాకు పెద్దగా అలవాటు లేదు గానీ గొంతు ఉంది, 34 ఏళ్ళు క్లాసుల్లో అరిచిన గొంతు.

నన్ను స్టాఫ్‌లో నమ్మకం గురించి, టీమ్‌గా పనిచేయటం గురించి చెప్పమన్నారు. ఈ మాట వినగానే మీలో సగంమందికి ఏదో ట్రైనింగ్ గుర్తొచ్చి ఉంటుంది. ఐదు గ్రూపులుగా కూర్చోబెట్టి, చార్టు ఇచ్చి, స్కెచ్ పెన్నులు ఇచ్చి, చివర్లో అందరూ చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్ళిపోవటం. వాటిలో నేనూ కూర్చున్నాను, కొన్ని బాగానే ఉంటాయి. కానీ సోమవారం పొద్దున స్కూల్లో అడుగుపెట్టినప్పుడు మనకు ఎదురయ్యేది చార్టు కాదు కదా. ఈరోజు ముగ్గురు సెలవు, నీ లీజర్ పీరియడ్ పోయింది, వాళ్ళ క్లాసుకి వెళ్ళు అని ఒక సబ్‌స్టిట్యూషన్ కాగితం వస్తుంది, అది ఎదురవుతుంది. నేను ఆ కాగితం గురించే మాట్లాడతాను.

ముందు ఒక స్కూలు సంగతి చెప్పాలి. ఊరి పేరు చెప్పను, ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 66 మండలాల్లో ఒకటి అనుకోండి. 2009లో నేను మొదటిసారి హెడ్‌మిస్ట్రెస్‌గా, అంటే హెచ్.ఎం.గా, ఆ స్కూల్లో చేరాను. నాతో కాకుండా 14 మంది టీచర్లు. చేరిన మొదటిరోజు ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్‌కి వెళ్తే బల్ల మీద రెండు టీ ఫ్లాస్కులు ఉన్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఎక్కువమంది కదా, రెండు తెప్పించుకుంటున్నారేమో అనుకున్నా. వారం తర్వాత అర్థమైంది. ఎర్ర ఫ్లాస్కు వాళ్ళు నీలం ఫ్లాస్కులో టీ తాగరు. వాళ్ళ టీ బంకు వేరు, వీళ్ళ బంకు వేరు. ఎప్పుడో ఎనిమిదేళ్ళ కిందట ఎవరి బదిలీ విషయంలోనో మాటా మాటా వచ్చింది, ఆ గొడవపడిన ఇద్దరూ ఆ స్కూల్ వదిలి వెళ్ళిపోయారు కూడా, ఫ్లాస్కులు మాత్రం మిగిలిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్ళని మొదటివారంలోనే ఎవరో ఒకరు టీకి పిలుస్తారు, ఏ గ్లాసు అందుకుంటే ఆ పక్క అయిపోతారు.

దాని ఫలితం పిల్లల మీద ఎట్లా పడుతుందో చెప్తాను. ఎనిమిదో తరగతి లెక్కల టీచరు ఒక పక్క, తొమ్మిదో తరగతి లెక్కల టీచరు ఇంకో పక్క. ఎనిమిదిలో ఏ పాఠాలు సరిగ్గా కాలేదో తొమ్మిదికి చెప్పే మనిషికి తెలీదు. అడగడు, ఈయన చెప్పడు. ఆ సంవత్సరం పిల్లలకి బీజగణితం రాక టెన్త్‌కి వచ్చి కూర్చున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించటం అంటారే, అక్కడ దుత్తలు మన పిల్లలే.

సరే, నేనేదో వచ్చి బాగుచేశానని చెప్పటానికి రాలేదు. వచ్చిన రెండో నెలలో దాన్ని ఇంకా చెడగొట్టాను.

మా తెలుగు పండిట్ గారు మూడురోజులు వరసగా ప్రేయర్‌కి ఆలస్యంగా వచ్చారు. పది నిమిషాలు, పావుగంట. ఒక టీచరు నా రూమ్‌కి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "కావాలనే చేస్తున్నారు మేడమ్, కొత్త హెచ్.ఎం., అందులో ఆడమనిషి, ఏం చేస్తుందిలే అని" అని చెప్పారు. నేను నమ్మాను. నమ్మటమే కాదు, పౌరుషం కూడా వచ్చింది. మర్నాడు ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్‌లో, 13 మంది చూస్తుండగా, ఆయన చేతికి మెమో ఇచ్చాను. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఒక్కమాట మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టి, పుస్తకం పట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయారు.

రెండురోజుల తర్వాత మా అటెండర్ చెప్పాడు. పాకాల వైపు నుంచి వచ్చే పొద్దున బస్సు ఆపేశారట, పండిట్ గారు ఇంకో బస్సులో క్రాస్ దాకా వచ్చి అక్కడి నుంచి దాదాపు మూడు కిలోమీటర్లు నడిచి వస్తున్నారట. "అందరికీ తెలుసు కదా మేడమ్" అన్నాడు. అందరికీ తెలుసు! 13 మందికి తెలుసు, నేను మెమో ఇస్తుంటే చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మొదట వాళ్ళ మీద కోపం వచ్చింది, ఒక్కరైనా చెప్పొచ్చు కదా అని. తెల్లవారేసరికి నాకు అర్థమైందేమంటే, నాకు చెప్తే నేను వింటానని వాళ్ళలో ఒక్కరికీ అనిపించలేదు. రెండు నెలల్లో నేను సంపాదించుకున్నది అదీ.

సోమవారం అదే స్టాఫ్ రూమ్‌లో, అదే ఇంటర్వెల్‌లో, అందరూ ఉన్నప్పుడు చెప్పాను. "అయ్యవారూ, నేను విచారించకుండా మెమో ఇచ్చాను. తప్పు నాది. వెనక్కి తీసుకుంటున్నాను, రిజిస్టర్‌లో కూడా రాశాను." నలుగురిలో చేసిన తప్పుని రూమ్‌లోకి పిలిచి రహస్యంగా దిద్దుకోకూడదు అని నాకు ఆరోజు ఎవరూ చెప్పలేదు, ఎందుకో అట్లా అనిపించింది, అదొక్కటి సరిగ్గా చేశాను. ఆయన "సరే మేడమ్" అన్నారు, అంతే. చప్పట్లు లేవు, కన్నీళ్ళు లేవు. పైగా ఒక సీనియర్ సార్ వచ్చి, "హెచ్.ఎం. అయినవాళ్ళు అట్లా సారీ చెప్తే లోకువైపోతారు మేడమ్" అని మంచి మనసుతోనే చెప్పారు. లోకువయ్యానా అంటే, అయ్యాను. ఒక నెల పాటు ఇద్దరు ముగ్గురు దాన్ని వాడుకున్నారు. ఆలస్యంగా రావటం, అడిగితే "బస్సు మేడమ్" అనటం. ఇది మీకు చెప్పకుండా దాచి, క్షమాపణ చెప్పగానే అంతా మారిపోయిందని చెప్తే మీరు రేపు మీ స్కూల్లో ప్రయత్నించి నన్ను తిట్టుకుంటారు.

మొదటి మార్పు నాలుగో నెలలో కనిపించింది. హిందీ టీచరమ్మ తనంతట తాను వచ్చి, "మేడమ్, తొమ్మిదో తరగతి సిలబస్ రెండు పాఠాలు వెనకపడ్డాను, అయిందని రాసిచ్చాను గానీ అవ్వలేదు" అని చెప్పింది. నాకు ఎంత సంతోషమైందో! పాఠాలు వెనకపడినందుకు కాదు, చెప్పినందుకు. ఆమెకి అదనంగా మూడు పీరియడ్లు సర్దాం, పాఠాలు అయిపోయాయి.

ఇప్పుడు కాగితం దగ్గరికొస్తాను. మీకందరికీ తెలిసిందే, ఒక టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌కి ఇంకొకరి లీజర్ తీసేసి పంపుతాం. పొద్దున్నే ఒక సీనియర్ టీచరు కూర్చుని ఆ కాగితం రాస్తారు, అటెండర్ తిప్పి సంతకాలు పెట్టిస్తాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోని పని. నేను ఒక ఆదివారం ఆ టర్మ్ సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ ఇంటికి తీసుకెళ్ళి, ఒక్కొక్కరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టాను. ఒకమ్మాయి పేరు 31 సార్లు వచ్చింది. ఇంకొకాయన పేరు నాలుగుసార్లు. 31 సార్లు వచ్చినమ్మాయి స్కూల్లో అందరికంటే చిన్నది, కొత్తగా పెళ్ళయింది, ఎవరితో గట్టిగా మాట్లాడదు. నాలుగుసార్లు వచ్చినాయన కాగితం రాసే సార్ పక్కన కూర్చుని టీ తాగేవాడు.

కాగితం రాసే సార్ చెడ్డమనిషా అంటే కాదు. నేను అడిగితే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆయన చేసిందల్లా ఎవరిని పంపితే మారుమాట లేకుండా వెళ్తారో వాళ్ళని పంపటం. పొద్దున 15 నిమిషాల్లో తేల్చాల్సిన పని, వాదించేవాళ్ళతో ఎవరు పెట్టుకుంటారు? ప్రతి స్కూల్లో ఇదే జరుగుతుంది. కాదనలేని మనిషి మీద బరువు పడుతుంది, వాదించే మనిషికి విశ్రాంతి దొరుకుతుంది. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు, కానీ పిల్లల మీద విసుక్కోవటం మొదలైంది, నోట్సులు దిద్దటం మానేసింది. "ఈ మధ్య పనిచేయటం లేదు" అని ఆమె గురించి నాకు చెప్పినవాళ్ళలో ఆ నాలుగుసార్ల సారు కూడా ఉన్నాడు.

నేను మీటింగ్ పెట్టలేదు. ఒక చార్టు మీద 15 పేర్లు రాశాను, మొదటి పేరు నాది. ఎవరు సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్తే వాళ్ళ పేరు ముందు ఒక గీత. స్టాఫ్ రూమ్ గోడకి, ఆ ఫ్లాస్కుల పైన అంటించాను. ఎవరి గీతలు తక్కువుంటే ముందు వాళ్ళ వంతు, ఇంటి దగ్గర కష్టమేదైనా ఉంటే ముందే చెప్పి వంతు మార్చుకోవచ్చు. నేను వారంలో కనీసం రెండు వెళ్ళేదాన్ని. హెచ్.ఎం. సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్తే ఆఫీసు పని ఎవరు చేస్తారు అంటారు, నిజమే, నేను సాయంత్రం కూర్చుని చేసుకునేదాన్ని. నా పేరు ముందు గీతలు లేకుండా ఆ చార్టు పనిచేసేది కాదు.

దాంతోపాటు ఇంకోటి చేశాం. ప్రతి టీచరు తన ప్రతి క్లాసుకీ ఒక్కో పీరియడ్ పని రాసి ఫైల్‌లో పెట్టాలి. నేను రాకపోతే వచ్చినవాళ్ళు ఇది చేయించండి అని. లేకపోతే సబ్‌స్టిట్యూషన్ అంటే ఏముంది, పిల్లల్ని మాట్లాడకుండా కూర్చోబెట్టటం, మనం నోట్సులు దిద్దుకోవటం. ఫైల్ పెట్టాక మేము ఊహించనిదొకటి జరిగింది. సోషల్ మేడమ్ ఎనిమిది బి సెక్షన్‌కి తెలుగు పీరియడ్‌లో వెళ్ళి, ఫైల్‌లో ఉన్న పేరా చదివించబోతే 11 మంది పిల్లలు కూడబలుక్కుని కూడా చదవలేకపోయారు. ఆమె తన సోషల్ పాఠంలో ఈ పిల్లలు ఎందుకు నిద్రపోతున్నారో అప్పుడు అర్థం చేసుకుంది. తిన్నగా పండిట్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆమె ఎర్ర ఫ్లాస్కు, ఆయన నీలం ఫ్లాస్కు. ఇద్దరూ కలిసి ఆ 11 మందిని సాయంత్రం అరగంట కూర్చోబెట్టుకుని చదివించటం మొదలుపెట్టారు. నేను చెప్పలేదు, నాకు పది రోజుల తర్వాత తెలిసింది.

స్టాఫ్ మధ్య ఈ నమ్మకం మీద అమెరికాలో బాగా పరిశోధన చేసినవాళ్ళు ఇద్దరున్నారు, ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్. 1990లలో షికాగో నగరంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్ని ఏళ్ళ తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. నేను రిటైరయ్యాక దీని గురించి చదివాను, ముందే చదివుంటే బాగుండేది. స్టాఫ్ మధ్య నమ్మకం బలంగా ఉన్న స్కూళ్ళలో లెక్కల్లో, చదవటంలో చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చే అవకాశం రెండింట ఒకటిగా ఉంటే, నమ్మకం బలహీనంగా ఉన్న స్కూళ్ళలో అది ఏడింట ఒకటిగా ఉందట. ఒక మనిషి ఇంకో మనిషిని నమ్మాలా వద్దా అని చూసుకునేటప్పుడు నాలుగు సంగతులు చూస్తారని వాళ్ళు చెప్పారు. నా మాటల్లో చెప్పాలంటే, నన్ను మనిషిగా గౌరవిస్తున్నారా, నా బాగోగులు పట్టించుకుంటున్నారా, తన పని తనకు వచ్చా, చెప్పిందీ చేసిందీ ఒకటేనా.

ఈ నాలుగులో మనం మొదటి రెండింటి గురించే ఎక్కువ మాట్లాడతాం. పుట్టినరోజు కేకులు, రిటైర్మెంట్ శాలువలు, కలిసి తలకోనకి పిక్నిక్. మంచివే. మేమూ వెళ్ళాం. కానీ మూడోది, పని రావటం, దాని గురించి మాట్లాడాలంటే అందరికీ బెరుకు.

మా ఫిజికల్ సైన్స్ సార్ సంగతి చెప్తాను. 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరుతో మన హైస్కూళ్ళలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు మొదలయ్యాయి, గుర్తుందా? ఈయన 18 ఏళ్ళు తెలుగు మీడియంలో చెప్పిన మనిషి. త్వరణం అంటే ఏమిటో, ద్రవ్యవేగం అంటే ఏమిటో గచ్చకాయలు దొర్లించి చూపించేవాడు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. అదే మనిషి ఇంగ్లీషు మీడియం సెక్షన్‌లోకి వెళ్తే పుస్తకం తెరిచి చదవటం, బోర్డు మీద రాయటం, "కాపీ డౌన్" అనటం. పిల్లలు డౌట్ అడిగితే కసురుకునేవాడు. తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి ఈ సార్ వద్దు, మార్చండి అన్నారు. స్టాఫ్‌లో కూడా "సార్‌కి పొగరెక్కువ" అనే పేరు వచ్చింది.

అది పొగరు కాదని, భయమని, ఒకరోజు ఆయన ఖాళీ ల్యాబ్‌లో ఒక్కడే నిలబడి పాఠాన్ని ఇంగ్లీషులో తనకు తాను చెప్పుకుంటుంటే కిటికీలోంచి విన్నప్పుడు తెలిసింది. నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళుంటే ఆయన సిగ్గుపడేవాడు. తర్వాతి స్టాఫ్ మీటింగ్‌లో నేను నా సంగతి చెప్పాను. నేను సోషల్ టీచర్ని, ఇంగ్లీషు మీడియం పిల్లలకి సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్ళినప్పుడు నాకూ నోరు తిరగట్లేదు, రెండు మాటలు తప్పుగా పలికాను, ఇంగ్లీషు మేడమ్ నాకు వారానికి ఒకరోజు సాయంత్రం అరగంట నేర్పిస్తారా అని అందరి ముందూ అడిగాను. ఆమె సరేనంది. మొదటివారం నేనొక్కదాన్నే కూర్చున్నాను. రెండోవారం బయాలజీ మేడమ్ వచ్చింది. నాలుగోవారం ఫిజికల్ సైన్స్ సార్ తలుపు దగ్గర నిలబడి, "నేనూ రావచ్చా అమ్మా" అని ఆ ఇంగ్లీషు మేడమ్‌ని అడిగాడు. ఆమె ఎవరనుకున్నారు, 31 గీతల అమ్మాయి. ఆయన కూతురి వయసు.

ఆ ఏడాది ఆఖరుకి ఆయన ఇంగ్లీషు మీడియంలోనూ గచ్చకాయలు దొర్లించాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మొమెంటమ్ అంటే ఏంట్రా అంటే పిల్లలు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాసేవాళ్ళు. దాన్ని తప్పు పట్టేవాళ్ళు పట్టొచ్చు, నాకు మాత్రం పిల్లవాడికి అర్థం కావటమే ముఖ్యం.

ఎమీ ఎడ్మండ్‌సన్ అని ఇంకొక పరిశోధకురాలు, ఆమె 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల బృందాల్ని చూసింది. మందులివ్వటంలో పొరపాట్లు మంచి బృందాల్లో తక్కువుంటాయని అనుకుని వెళ్ళింది. తీరా లెక్కలు చూస్తే బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఏంటిది అని తవ్వి చూస్తే, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయటం వల్ల కాదు, చేసినవి దాచకుండా చెప్పుకోవటం వల్ల. మిగతాచోట్ల తప్పులు జరుగుతున్నాయి గానీ కాగితం మీదికి రావట్లేదు. మన స్కూళ్ళలో నూటికి నూరు సిలబస్ పూర్తయిందని రాసి ఉన్న రిజిస్టర్ చూసినప్పుడల్లా నాకు ఆ నర్సులే గుర్తొస్తారు. మా హిందీ టీచరమ్మ వచ్చి రెండు పాఠాలు కాలేదు అన్నరోజున మా స్కూలు కాగితం మీద కొంచెం చెడ్డదైంది, నిజంలో కొంచెం బాగుపడింది.

ఇంకోటి, చిన్నదే గానీ నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. అక్కడ లేని మనిషి గురించి మాట్లాడటం. ఎవరైనా నా రూమ్‌కి వచ్చి తలుపు దగ్గరగా వేశారంటే నేను లేచి తలుపు తీసేదాన్ని. "ఆమెని కూడా పిలుస్తాను, ముగ్గురం మాట్లాడుకుందాం" అనేదాన్ని. నాలుగైదు సార్లు అట్లా అన్నాక తలుపు వేసేవాళ్ళు లేకపోయారు. ఒక టీచరు గురించి ఇంకో టీచరు దగ్గర హెచ్.ఎం. ఒక్కమాట జారితే, వింటున్న మనిషి నవ్వొచ్చు, తలూపొచ్చు, కానీ మనసులో అనుకునేది ఒక్కటే, నేను లేనప్పుడు నా గురించీ ఇట్లాగే అంటుందన్నమాట అని.

(ఒక హెడ్‌మాస్టరు లేచి అడిగారు: "మేడమ్, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ ఎంత చెప్పినా మారని మనిషి ఒకరుంటారు. వాళ్ళనేం చేయాలి?")

మంచి ప్రశ్న. కూర్చోండి సార్. ఇది నేను దాటేద్దామనుకోలేదు, వస్తున్నాను.

మా స్కూల్లో ఒకాయన చీటీలు నడిపేవాడు. క్లాసులో ఫోన్ మాట్లాడటం, నెలలో చీటీపాట రోజున మధ్యాహ్నం కనపడకపోవటం. నేను నమ్మకం, మంచిమాట అంటూ ఒక ఏడాది అంతా ఆయనతో మెత్తగా ఉన్నాను. రెండుసార్లు పిలిచి చెప్పాను, ఆయన రెండుసార్లూ "తప్పకుండా మేడమ్" అన్నాడు. ఆ ఏడాదిలో నేను ఎవరి నమ్మకం పోగొట్టుకున్నానో తెలుసా? మిగతా 13 మందిది. వాళ్ళు ఆయన క్లాసులు మోస్తున్నారు, ఆయన పిల్లల గోల పక్క క్లాసుల్లో వింటున్నారు, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నానని అనుకుంటున్నారు. చివరికి పండిట్ గారే, నేను మెమో ఇచ్చిన పండిట్ గారే, వచ్చి అన్నారు, "మేడమ్, నడిచొచ్చిన నాకు మెమో ఇచ్చారు, తిరిగేవాడికి ఇవ్వరా?" అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పుడు చేశాను. ఈసారి విచారించి చేశాను. తేదీలు రాసుకున్నాను, ఏ పీరియడ్‌లో లేడో రాసుకున్నాను, రూమ్‌లోకి పిలిచి అవన్నీ ముందుపెట్టి ఆయన జవాబు విన్నాను, ఆ తర్వాత మెమో ఇచ్చాను, మళ్ళీ జరిగితే పైకి రాస్తానని చెప్పాను, మళ్ళీ జరిగింది, రాశాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. క్లాసుకి వెళ్ళటం మాత్రం మొదలుపెట్టాడు. మనిషి మారాడా అంటే నాకు తెలీదు, పిల్లలకి పీరియడ్లు దొరికాయి. కాబట్టి సార్, ఆ ఒక్కమనిషిని ఏం చేయాలి అనేదానికంటే, ఆ మనిషి విషయంలో మీరేం చేస్తారా అని మిగతావాళ్ళు మిమ్మల్ని చూస్తున్నారనేది గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి పరిస్థితి వేరని మీరు అంటారు, ఒప్పుకుంటాను. నేను 2020లో రిటైరయ్యాను. ఆ తర్వాత మీరు పడినవి నేను పడలేదు. 2022లో స్కూళ్ళనీ టీచర్ పోస్టుల్నీ సర్దిన 117 జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చాక చాలాచోట్ల 3, 4, 5 తరగతుల పిల్లల్ని హైస్కూళ్ళకి తెచ్చారు, ఒకే కాంపౌండ్‌లో రెండు రకాల స్టాఫ్, చిన్న తరగతులకి చెప్పే ఎస్.జి.టి.లు ఒక గదిలో, హైస్కూలు సబ్జెక్టులు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు ఒక గదిలో. తర్వాత ఆ జీవో పోయింది, మళ్ళీ సర్దుబాట్లు, మళ్ళీ బదిలీలు. ముఖం చూపించి వేసే హాజరు కూడా 2022లోనే వచ్చింది. ఆ యాప్ మీరు ఎన్ని గంటలకి వచ్చారో చెప్తుంది, మూడు కిలోమీటర్లు నడిచొచ్చారని చెప్పదు. అది అడిగి తెలుసుకోవాల్సింది పక్కనున్న మనిషే.

ఇక కొత్త టీచర్లు. 2025లో టీచర్ ఉద్యోగాల మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ ఇచ్చారు కదా, ఆ బ్యాచ్ పిల్లలు ఈ హాల్లో కూడా ఉన్నారు, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్లలో, గదుల్లో, లైబ్రరీల్లో కూర్చుని చదివి వచ్చినవాళ్ళు. సీనియర్లకి ఒక్కటే విన్నపం, వాళ్ళు చేరిన మొదటివారంలో అల్లరి ఎక్కువున్న సెక్షన్ అంతా వాళ్ళకే రాసిపెట్టకండి. నేను చేరినప్పుడు నాకట్లాగే రాశారు, మొదటి ఆరు నెలలు ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. ఆ సెక్షన్‌లో మొదటి నెల మీరు పక్కన కూర్చోండి, ఆమె చెప్తుంటే వినండి, మీరు చెప్తుంటే ఆమెని విననివ్వండి. మీరు ముందు మీ క్లాసు తలుపు తెరిస్తేనే ఆమె తన తలుపు తెరుస్తుంది.

వంటమ్మల గురించి చెప్పకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. స్టాఫ్ అనగానే మనకి అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లే గుర్తొస్తాయి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ముగ్గురు అక్కలకి ఏ పిల్ల అన్నం వదిలేస్తోందో, ఏ పిల్లవాడు రెండోసారి వచ్చి పెట్టించుకుంటున్నాడో తెలుసు. ఏడో తరగతి అమ్మాయి వారంరోజులుగా బువ్వ ముట్టుకోవట్లేదని వాళ్ళే చెప్పారు, మేమెవరం గమనించలేదు. ఆ అమ్మాయికి ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. క్లాస్ టీచరు, నేను, ఆ వంటక్క ముగ్గురం వాళ్ళింటికెళ్ళాం. వాళ్ళమ్మ మాతో మాట్లాడలేదు, వంటక్కతోనే మాట్లాడింది. ఆ అమ్మాయి టెన్త్ పూర్తిచేసింది. అప్పటినుంచి మా నెలవారీ స్టాఫ్ మీటింగ్‌లో వంటక్కకి, వాచ్‌మన్‌కి, ఆయాకి కుర్చీలు వేశాం. నిలబడి వినటానికి కాదు, కూర్చుని చెప్పటానికి.

తల్లిదండ్రుల గురించి ఎక్కువ చెప్పను, అది వేరే రోజు మాట్లాడుకోవాల్సినంత ఉంది. మన జిల్లాలో జూన్‌లో బడి తెరిచేసరికి తోతాపురి కాయ కోతకి వస్తుంది, ఇంటిల్లిపాదీ తోటల్లో, గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ఉంటారు, మనం మీటింగ్ పెట్టి రాలేదని తప్పుపడతాం. నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు, వాళ్ళమ్మకి అర్థమయ్యేలా రెండు మాటలు చెప్పగలిగిన టీచరు స్టాఫ్‌లో ఎవరో ఒకరుంటారు, వాళ్ళని ముందుపెట్టండి. అంతవరకే ఈరోజుకి.

(కొత్తగా చేరిన ఒక టీచరు అడిగారు: "మేడమ్, మీ స్కూల్లో ఆ ఫ్లాస్కులు ఒకటయ్యాయా?")

లేదమ్మా. నేను ఆరేళ్ళున్నాను ఆ స్కూల్లో, నేను వచ్చేసేనాటికి కూడా రెండే ఉన్నాయి. ఒక బంకులో అల్లం టీ బాగుంటుంది, ఇంకో బంకులో చక్కెర తక్కువ వేస్తారు. కాకపోతే ఎవరికి ఏది కావాలంటే అది పోసుకునేవాళ్ళు. ఫిజికల్ సైన్స్ సార్‌కి షుగర్ వచ్చింది, నీలం ఫ్లాస్కుకి మారాడు. పండిట్ గారు ఎర్రదాంట్లో అల్లం టీ తాగేవారు. ఇద్దరు మాత్రం చివరిదాకా మారలేదు, వాళ్ళ ఇష్టం.

ఇంకెవరైనా అడుగుతారా? పలమనేరు, పుంగనూరు వైపు వెళ్ళాల్సినవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు, బస్సు టైమ్ అవుతోంది. ఆ బల్ల మీద మేము వాడిన గీతల చార్టు నమూనా పెట్టాను, సబ్‌స్టిట్యూషన్ ఫైల్‌లో పెట్టే పేజీ కూడా ఉంది. ఫోటో తీసుకోండి. రేపు స్కూలుకి వెళ్ళాక ముందు గత టర్మ్ రిజిస్టర్ తీసి లెక్కపెట్టండి, ఎవరి పేరు ఎన్నిసార్లుందో. ఎక్కువున్న ఆ మనిషి దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. ఏం జరిగిందో నాకు ఫోన్ చేసి చెప్తే సంతోషిస్తాను, నా నంబరు నిర్వాహకుల దగ్గరుంది.

నమస్కారం.